సురక్షిత ఆరోహణ విధానము

చింతలమెరక పేరుకే మెరక. ఆ చుట్టుపక్కల అంతకంటే పల్లపు ఊరు ఇంకోటి లేదని ఆ ఊరివాళ్ళే ఒప్పుకుంటారు. పై ఊళ్ళ చేలల్లో మిగిలిన నీళ్ళన్నీ ఒక మురుగుకాలవలో పడి, చింతలమెరక పక్కనుంచే సముద్రానికి పోవాలి. ఆ ఏడు వానాకాలం మొదలయ్యేసరికి కాలవ నిండా గుర్రపుడెక్క పట్టింది. దాని మీద పిల్లి నడిచి వెళ్ళినా కాలు తడవనంత దట్టంగా పేరుకుపోయింది. నాట్లు పడిపోయాయి. ఇక గట్టి వాన ఒక్కటి కురిస్తే చాలు, నీళ్ళు పోయే దారి లేక చేలన్నీ మునుగుతాయి.

ఆ కాలవ బాగోగులు చూడవలసింది డ్రైనేజీ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరు హైమావతి. నీటి సంఘం అధ్యక్షుడు రామభద్రరాజుగారు రోజూ పొద్దున్నే ఆవిడకి ఫోన్ చేసేవారు.

“ఆయ్, నమస్కారమండి మేడంగారూ. మిషనెప్పుడొస్తాదండి?”

“రేపు ఎక్కించేస్తామండి రాజుగారూ. ఎల్లుండికి మీ గట్టు మీద ఉంటుంది.”

ఆవిడ అబద్ధమేం చెప్పలేదు. మట్టి తవ్వే పొక్లెయిన్ డివిజన్ ఆఫీసు వెనక యార్డులోనే ఉంది. దాన్ని మోసుకుపోయే ట్రెయిలరు దాని పక్కనే ఉంది. మిషన్ని నడిపే సూరిబాబు ఆ పక్కనే టీకొట్టులో ఉన్నాడు. అదివరకైతే ట్రెయిలరుని చదునైన చోట ఆపి, చక్రాల కింద చెక్కదిమ్మలు తోసి, వెనక రెండు ఇనప పలకలు ఆనించేవారు. సూరిబాబు మిషన్ని వాటి మీదుగా మెల్లిగా పాకించి పైకి ఎక్కించేవాడు. మట్టెత్తే తొట్టి కిందికి వాల్చి, నాలుగు మూలలా గొలుసులు బిగిస్తే పనైపోయేది. కొట్టువాడు రెండోసారి టీ కాచేలోపు బండి గేటు దాటేది.

ఒక్కటే చిక్కు. ఆ పలకల్లో ఒకటి మధ్యకి పగిలింది. దాన్ని కట్టుతీగతో చుట్టి నెట్టుకొస్తున్నారు. కొత్తవి కావాలని హైమావతి ఎన్నిసార్లు రాసినా జవాబు లేదు. కిందటేడు ఆ పలక ఎగిరిపడి చిన్నయ్య అనే కలాసీకి రెండు వేళ్ళు పోయాయి. “పనివాని అజాగ్రత్త” అని పైనుంచి ఒక ముక్క రాసి పంపారు. అంతకుమించి శాఖలో ఎవరికీ సురక్షితం అన్న మాట గుర్తుకు రాలేదు.

ఈ ఏడు గుర్తొచ్చింది. ఎక్కడో వేరే జిల్లాలో ట్రెయిలరు ఎక్కిస్తుండగా ఒక మిషన్ జారి, పక్కన ఆపి ఉన్న ఒక పెద్ద ఇంజనీరుగారి కొత్త కారు మీద కూర్చుంది. కార్లో మనుషులెవరూ లేరు, పులిహోర ఉన్న క్యారేజీ మాత్రం ఉంది. ఎవరికీ గోరంత గాయం కాలేదు. కానీ కారు ఆఫీసరుగారిది.

వారం తిరిగేలోగా ఉత్తర్వు దిగింది. “భారీ యంత్రములను వాహనములపైకి ఎక్కించు సందర్భములందు సంభవించుచున్న అవాంఛనీయ సంఘటనలను శాఖ మిక్కిలి తీవ్రముగా పరిగణించినది. కావున ఇకమీదట ఏ యంత్రమునైనను ‘సురక్షిత ఆరోహణ విధానము’ను తు.చ. తప్పక పాటించిన పిమ్మట మాత్రమే ఎక్కించవలెను.”

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పాండురంగ విఠల్‌గారు ఆ ఉత్తర్వుని కళ్ళకద్దుకున్నంత పని చేశారు. ఆయన రిటైరయ్యేలోపు రాష్ట్రస్థాయిలో ఒక శాలువా కప్పించుకోవాలని చాలాకాలంగా చూస్తున్నారు. పులుల లెక్కకీ, చెట్ల పెంపకానికీ శాలువాలు ఇచ్చేవారు గానీ మురుక్కాలవలకి ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు దారి దొరికింది.

హైమావతి కూడా సంతోషించింది. “సార్, ఈ వంకతోనైనా ఆ పలకలు మార్పించేద్దాం సార్. అసలు ప్రమాదం అక్కడే ఉంది.”

ఆయన జాలిగా చూశారు. “పలకలకి బడ్జెట్లో హెడ్డు లేదమ్మా. అవగాహనకి ఉంది.”

అవగాహన హైదరాబాదు నుంచి డాక్టర్ శశిభూషణ్ రూపంలో వచ్చింది. ఆయన ఆరోహణ భద్రతలో నిపుణుడు. జీవితంలో ఏ యంత్రాన్నీ ఏ బండీ ఎక్కించలేదు కనక ఆయన పేరు మీద ఒక్క ప్రమాదం కూడా లేదు. కల్యాణమండపం అద్దెకి తీసుకుని, ఏసీ వేసి, సిబ్బందినంతా కూర్చోబెట్టారు. “భద్రత అనేది పలకలో లేదు, మనస్సులో ఉంది” అని శశిభూషణ్ పొద్దుట మొదలుపెట్టి మధ్యాన్నం దాకా చెప్పారు. తర్వాత ఒక పసుపుపచ్చ బొమ్మ పొక్లెయిన్, ఒక బొమ్మ ట్రెయిలరు బల్ల మీద పెట్టి, ప్రదర్శన చెయ్యమని విఠల్‌గారిని ఆహ్వానించారు.

విఠల్‌గారు కండువా సర్దుకుని, ఫొటోగ్రాఫరు వైపు చూస్తూ, బొమ్మని ఎక్కించారు. చూపు ఫొటో మీద ఉండటంతో అది జారి, కింద గచ్చు మీద పడి, చెయ్యి విరిగింది.

వెనకవరసలో ఎవరో పొరపాటున చప్పట్లు కొట్టారు.

శశిభూషణ్ గంభీరంగా లేచి నిలబడ్డారు. “చింతించవలసిన విషయమే. విధానము అమల్లోకి వచ్చాక జరిగిన తొలి ప్రమాదం ఇది. నిబంధన ప్రకారం విచారణ ముగిసేవరకూ డివిజన్లో ఏ యంత్రాన్నీ ఎక్కించరాదు.”

“సార్, అది బొమ్మ కదండీ” అంది హైమావతి.

“నిబంధనలో యంత్రము అని ఉందమ్మా. పరిమాణం పేర్కొనలేదు.”

విచారణ సంఘం కూర్చుంది. ఆపరేటరు కాబట్టి ముందు సూరిబాబుని పిలిచారు.

“ప్రమాద సమయమున నువ్వెక్కడున్నావు?”

“భోజనాల కాడ లైన్లో ఉన్నానండి బాబూ.”

యంత్రము ప్రమాదమునకు గురైనవేళ ఆపరేటరు దాని దగ్గర లేకుండుట వలననే నష్టము వాటిల్లినదని సంఘం తేల్చింది. సూరిబాబుకి మెమో ఇచ్చారు. సూరిబాబు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, “మరి ఆ విరిగిన చెయ్యి నేనే కట్టించాలాండి?” అని అడిగాడు.

ఈలోగా చిన్న వానలు పడ్డాయి. రామభద్రరాజుగారి గొంతులో నమస్కారం చిన్నదైంది, ప్రశ్న పెద్దదైంది.

“మేడంగారూ, చేలో చీలమండ లోతు నీళ్ళున్నాయండి. పిల్లకాయలు చేపలు పడుతున్నారు. మేం పండించేది వరో చేపలో తెలవట్లేదండి.”

“వస్తుందండి. ఎల్లుండి ముహూర్తం పెట్టారు.”

“ముహూర్తమాండి?”

అవును, ముహూర్తమే. యార్డు గేటుకి స్వాగతద్వారం కట్టారు. ‘తొలి సురక్షిత ఆరోహణ మహోత్సవం’ అని అట్ట మీద అచ్చు వేయించారు. వేదిక మీద పెద్దలందరికీ తెల్ల హెల్మెట్లు పెట్టారు. సూరిబాబు దాకా వచ్చేసరికి హెల్మెట్లు అయిపోతే, వాచ్‌మన్ మోటారుసైకిలు హెల్మెట్ తెచ్చి తగిలించారు. అతను మిషన్ ఎక్కబోతుండగా శశిభూషణ్ విజిల్ వేశారు.

“ఆగాలి! ఆరోహణ సమయమున యంత్రమునకు పది మీటర్ల లోపు మానవమాత్రుడెవడూ ఉండరాదు.”

సూరిబాబు మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు. “మరి బండెవరు నడుపుతారండి?”

శశిభూషణ్ కాగితాలన్నీ తిరగేశారు. నడిపేవాడి ఊసు ఎక్కడా లేదు. కొబ్బరికాయ కొట్టేశారు గనక సభ మాత్రం జరిపించి, టిఫిన్లు పెట్టి, వివరణ కోరుతూ పై ఆఫీసుకి రాశారు.

వివరణ వచ్చింది. “సదరు నిబంధన నిమిత్తము ఆపరేటరును యంత్రములో అంతర్భాగముగా పరిగణించవలెను.”

అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. మర్నాడు అకౌంట్ల సెక్షన్ వాళ్ళు సూరిబాబు బత్తా ఆపేశారు. యంత్రభాగానికి గ్రీజు ఇవ్వచ్చు గానీ బత్తా ఇవ్వడానికి లేదన్నారు. కూతురికి చెవులు కుట్టించాలని అతను పెట్టుకున్న సెలవు చీటీ కూడా అదే కారణం మీద తిరిగొచ్చింది. “ఇంట్లో చెబితే నా పెళ్ళాం నమ్మట్లేదండి మేడంగారూ” అన్నాడు సూరిబాబు. హైమావతికి నవ్వొచ్చింది. వెంటనే నవ్వినందుకు సిగ్గేసింది.

ఎట్టకేలకు మిషన్ ఎక్కింది. పగిలిన పలక ఫొటోల్లో బాగుండదని దాని మీద ఎర్ర తివాచీ పరిచారు. తివాచీ కింద కట్టుతీగ ఎక్కడుందో సూరిబాబుకి కనపడలేదు. మిషన్ బరువు పలక మీద పడగానే అది కిర్రుమని మూలిగింది. పైకి ఎక్కేశాక చూస్తే సూరిబాబు చొక్కా వాన లేకుండానే తడిసి ఉంది. వేదిక మీద శశిభూషణ్ “అద్భుతం, ఇదీ మనోభద్రత అంటే!” అని చప్పట్లు కొట్టారు.

ట్రెయిలరు చింతలమెరక చేరింది. రాజుగారు కొబ్బరికాయలతో ఎదురొచ్చారు. ఆడవాళ్ళు గట్టు మీదకొచ్చి చూశారు. గొలుసులు విప్పబోతుంటే హైమావతి ఫోన్ మోగింది. విఠల్‌గారు.

“హైమావతీ, ఆగమ్మా. మిషన్ని దించకండి.”

“ఏం సార్?”

“మన దగ్గరున్నది ఆరోహణ విధానం. అవరోహణకి విధానం ఇంకా రాలేదు. ముసాయిదా దశలో ఉంది.”

“సార్, ఎక్కించిందే దించడానికి కదా సార్.”

“ఆ మాట ఉత్తర్వులో లేదమ్మా. అన్నట్టు ఆ సూరిబాబుని కూడా దిగొద్దని చెప్పు. అతను యంత్రంలో అంతర్భాగం. దిగితే పాక్షిక అవరోహణ కిందికి వస్తుంది.”

ఆవిడ ఆ మాట చెబితే ఊరు నవ్వింది. సాయంత్రానికి నవ్వు ఆగిపోయింది. సూరిబాబు నిజంగానే ట్రెయిలరు మీద ఉండిపోయాడు. ఉన్న మెమో చాలదా, ఇంకోటి ఎందుకని అతని భయం. ఊరివాళ్ళు రోజుకో ఇంటినుంచి అన్నం, పులుసు నిచ్చెన వేసి అందించారు. వాళ్ళావిడ బస్సెక్కి వచ్చి, కిందనుంచి తలెత్తి చూసి, “ఇదేం ఉద్యోగమయ్యా?” అని చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు పడింది అసలు వాన. ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా కురిసింది. తెల్లవారి హైమావతి వెళ్ళేసరికి కాలవా చేలూ ఒకటైపోయాయి. నాటిన వరి కొసలు మాత్రం నీళ్ళ పైన పచ్చగా కనిపిస్తున్నాయి. గుర్రపుడెక్క ఊదారంగు పూలతో నిండుగా ఉంది. అది ఒక్కటే ఆ ఊళ్ళో కళకళలాడుతోంది. ఆ రోజు రాజుగారు ఫోన్ చెయ్యలేదు. గొడుగు కూడా లేకుండా గట్టు మీద నిలబడి ఉన్నారు.

“రాజుగారూ...” అంది ఆవిడ.

“మిమ్మల్నేం అనమండి మేడంగారూ. మీ చేతిలో ఏముందండి” అన్నారాయన, ఆవిడ వైపు చూడకుండా.

తిట్టినా బాగుండేదనిపించింది హైమావతికి. మోకాళ్ళ లోతు నీళ్ళల్లో కొంతమంది కొడవళ్ళతో గుర్రపుడెక్క కోస్తున్నారు. కోసిన చోటికి పక్కది వచ్చి చేరుతోంది. వాళ్ళ వెనక, రోడ్డు మీద, ఆ పని పూట పూర్తయ్యేలోగా చెయ్యగల మిషన్ నాలుగు మూలలా గొలుసులతో ఎంతో సురక్షితంగా ఉంది.

“రాజుగారూ, పారలున్నాయా?” అంది ఆవిడ ఉన్నట్టుండి. “ట్రెయిలరు వెనక మట్టి దిబ్బ పోయించండి. తాటిదుంగలుంటే అడ్డంగా వేయించండి. ఆ పలక మీద మాత్రం దించేది లేదు.”

మనుషులు పరుగెత్తారు. మట్టి పోసి, తొక్కి, దుంగలు వేసి, మళ్ళీ మట్టి పోశారు. హైమావతి చెప్పులు విడిచి తనే దిబ్బ మీదెక్కి కాలితో అదిమి చూసింది. తర్వాత పైకి చూసింది.

“సూరిబాబూ, దించు.”

“కాగితముందాండి?”

“లేదు. నేనున్నాను.”

అతను ఒక క్షణం ఆలోచించి, వాచ్‌మన్ హెల్మెట్ పెట్టుకుని ఇంజను వేశాడు. ముందు అంచెలో బాగానే పాకింది. దుంగల మీదకొచ్చాక తడిమట్టి ఒక పక్క కుంగింది. మిషన్ అటు వాలింది. జనం కేకలేస్తూ వెనక్కి దూకారు. సూరిబాబు గబుక్కున తొట్టి కిందికి దింపి నేలకి ఆనించి, ఆ ఊతం మీద అంగుళం అంగుళం జార్చుకుంటూ వచ్చాడు. మిషన్ రోడ్డు మీద నిలిచాక గానీ, తన చెయ్యి రాజుగారి మోచెయ్యి పట్టుకుని ఉందని హైమావతికి తెలియలేదు.

సాయంత్రానికి కాలవలో నీళ్ళు కదిలాయి. మొదట ఒక గడ్డిపరక, తర్వాత ఒక గుర్రపుడెక్క తెప్ప, తర్వాత మొత్తం పారుదల. ఎగువ చేలు తేలాయి. దిగువన ఉన్నవి కుళ్ళిపోయాయి. ఆ చేల కౌలురైతులు మళ్ళీ నారు కోసం పక్క ఊళ్ళకి బయల్దేరారు. రెండు రోజులు ముందు దించి ఉంటే ఆ చేలు కూడా దక్కేవి. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు.

కబురు తెలిసి విఠల్‌గారు, శశిభూషణ్ కారేసుకుని వచ్చారు. విఠల్‌గారి మొహం పాలిపోయి ఉంది.

“ఎంతపని చేశావమ్మా! ‘ఉత్తమ సురక్షిత డివిజన్’ పురస్కారానికి మన పేరు వెళ్ళింది. ఇప్పుడు అనుమతి లేని అవరోహణ అని రాస్తే పోతుంది. జారి పడిందని రాస్తే ప్రమాదం కిందికొస్తుంది, అప్పుడూ పోతుంది.”

“మళ్ళీ ఎక్కించి యార్డుకి పంపేద్దాం సార్.”

“ఎక్కించాలంటే మళ్ళీ విధానం మొదటినుంచీ పాటించాలిగా” అన్నారు శశిభూషణ్ నీరసంగా.

విఠల్‌గారు కాలవగట్టు మీద అటూ ఇటూ తిరిగారు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసు ఊరికే పోలేదు. ఆగి, వేలెత్తి, “దించలేదు అనాలంటే ఏం చెయ్యాలి? ఎక్కించలేదు అనాలి” అన్నారు. “మిషన్ యార్డు వదల్లేదు. వాతావరణం అనుకూలించక ఆరోహణ వాయిదా పడింది.”

“మరి ఇదేంటి సార్?” హైమావతి మిషన్ వైపు చూపించింది.

“ఏది?” అన్నారాయన, అటు చూడకుండా.

సూరిబాబు పైనుంచి వంగి అడిగాడు. “మరి నేనెక్కడున్నట్టండి?”

“యార్డులో ఉన్నావు.”

“జీతమొస్తాదాండి?”

“యార్డులో ఉన్నవాడికి జీతమెందుకు రాదయ్యా!”

“అయితే ఫర్వాలేదండి” అని సూరిబాబు మళ్ళీ పనిలో పడ్డాడు.

లేని మిషన్‌కి డీజిలు మంజూరు చెయ్యడం కుదరదన్నారు. ఊరివాళ్ళు తలా కొంచెం వేసుకుని పోయించారు. ట్రెయిలరు ఖాళీగా వెనక్కి వెళ్ళింది. విఠల్‌గారికి శాలువా వచ్చింది. ఆ సన్మానసభలోనే అవరోహణ విధానం కూడా విడుదలైంది.

అంతలో అదే కాలవ వెంబడి ఇంకాస్త దూరంలో ఉన్న పెసలలంక మునగసాగింది. ఆ ఊరి రైతులు ఈసారి తిన్నగా పై ఆఫీసుకి వెళ్ళి మొర పెట్టుకున్నారు. “మీ యార్డులో నిరుపయోగముగా ఉన్న యంత్రమును తక్షణము పంపవలెను, ఆరోహణను మా పరిశీలకుడు స్వయముగా తిలకించును” అని విఠల్‌గారికి ఆజ్ఞ వచ్చింది.

విఠల్‌గారు రోజంతా కుర్చీలోంచి కదల్లేదు. మర్నాడు స్వాగతద్వారం కట్టించారు.

పరిశీలకుడు వచ్చి వేదిక మీద కూర్చున్నారు. ఖాళీ ట్రెయిలరు ముందుకొచ్చి ఆగింది. చక్రాల కింద దిమ్మలు పెట్టారు. తివాచీ పరిచారు. శశిభూషణ్ విజిల్ వేసి, అందరినీ పది మీటర్ల దూరానికి జరిపారు. పచ్చజెండా ఊపారు. కాసేపు ఏమీ జరగలేదు, ఎంతో క్రమశిక్షణతో. మళ్ళీ విజిల్ వేశారు. కలాసీలు ట్రెయిలరెక్కి నాలుగు మూలలా గొలుసులు లాగి ఒకదానికొకటి తగిలించారు.

“బిగించారా?”

“బిగించాం సార్.”

పరిశీలకుడు హెల్మెట్ తీసి చెమట తుడుచుకున్నారు. ఏదో అడగబోయి, వేదిక నిండా చప్పట్లు కొడుతున్న ఆఫీసర్లని చూసి, తనూ కొట్టారు. “నా సర్వీసులో ఇంత సురక్షితమైన ఆరోహణ చూళ్ళేదు” అన్నారు. అబద్ధమేమీ కాదు.

హైమావతి పక్కకెళ్ళి ఫోన్ తీసింది. “సూరిబాబూ, గట్టెంబడి నడిపించుకుంటూ పెసలలంక వెళ్ళిపో. మేం వచ్చేసరికి పని మొదలెట్టు.”

ట్రెయిలరూ, దాని వెనక కార్లూ పెసలలంక చేరేసరికి మిషన్ కాలవలో చెయ్యి పెట్టి తెప్పలు తెప్పలుగా గుర్రపుడెక్క ఎత్తిపోస్తోంది. విఠల్‌గారు కారు దిగి, ఆ దృశ్యం చూసి, పరిశీలకుడి వైపు గర్వంగా తిరిగారు. “చూశారుగా సార్. విధానం పాటిస్తే ఫలితం ఎంత త్వరగా ఉంటుందో!”

ఇంతలో గట్టు మీదనుంచి ఒక ముసలి రైతు చెయ్యూపుతూ వచ్చాడు. “బాబూ, ఆ ఖాళీ బండి కాస్త తీయించండి. దారికడ్డంగా ఉంది. మిషను అవతలికెళ్ళాల. అటేపు చేలు మునుగుతున్నాయండి.”

“ఎవరూ కదలరాదు!” శశిభూషణ్ చెయ్యెత్తారు. “అవరోహణ ఇంకా మొదలవలేదు.”

కలాసీలు ట్రెయిలరెక్కి, జాగ్రత్తగా, ఒక్కొక్క గొలుసే విప్పడం మొదలుపెట్టారు. రైతులందరినీ పది మీటర్ల అవతలికి నెట్టారు. సూరిబాబు ఇంజను ఆపేశాడు. హైమావతి ఏదో అనబోయింది. శశిభూషణ్ నోట్లో విజిల్ ఉంది. సముద్రం వైపు మబ్బు నల్లగా లేస్తోంది. ముసలి రైతు ఒకసారి మబ్బునీ ఒకసారి విజిల్‌నీ చూస్తూ నిలబడ్డాడు.